పెట్రోల్ కారు అప్పుడప్పుడు మిస్సింగ్ కొడుతుంటే: ఇంటి దగ్గరే లోపాన్ని పట్టుకునే పద్ధతి

మిస్సింగ్ అంటే ఏదో ఒక సిలిండర్‌లో (ఇంజిన్‌లో పెట్రోలు మండే గది) పెట్రోలు మధ్యమధ్య మండకుండా పోవడం. పొద్దున స్టార్ట్ చేయగానే స్టీరింగ్ అదురుతుంది, రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. లేదంటే గంట తిరిగాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ ఊగిపోతుంది. తీరా షెడ్డుకు తీసుకెళ్తే బండి బంగారంలా నడుస్తుంది. మెకానిక్ ప్లగ్గులు (పెట్రోలును అంటించే స్పార్క్ ప్లగ్గులు) మారుస్తాడు, థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే ద్వారం) కడుగుతాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే రోగం. ఇలాంటి లోపానికి ఊహ మీద పార్టులు మార్చుకుంటూ పోవడమంత దండగ ఖర్చు ఇంకోటి లేదు. ఎప్పుడూ ఉండే లోపం ఎక్కడ వెతికినా దొరుకుతుంది. అప్పుడప్పుడు వచ్చేది మాత్రం అది వచ్చిన పరిస్థితిలోనే దొరుకుతుంది. అందుకే మొదట పట్టుకోవాల్సింది పార్టును కాదు, ఆ పరిస్థితిని.

ఇక్కడ చెప్పేది మన దగ్గర ఎక్కువగా తిరిగే చిన్న పెట్రోల్ కార్లకు. అంటే 3 లేదా 4 సిలిండర్లు, ప్లగ్గుకో కాయిల్ (స్పార్క్‌కు కావాల్సిన వోల్టేజీ ఇచ్చేది), మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టాల్లో) పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఉన్నవి. సీఎన్‌జీ బళ్లకు వేరే కిటుకు ఉంది, అది కూడా చెబుతాం. డీజిల్ ఇంజిన్ల తీరు వేరు, అది ఇందులో లేదు.

ముందు జాగ్రత్తలు

చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా ఇంటికి చేరుకోవచ్చు. అదే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే యాక్సిలరేటర్ మీద కాలు తగ్గించి, వీలైనంత త్వరగా పక్కకు ఆపేయండి. సిలిండర్‌లో మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతోందని దానర్థం. తక్కువలో తేలిపోయే కాయిల్ లేదా ప్లగ్గు రిపేరు, కన్వర్టర్ పాడైతే చాలా ఖరీదైపోతుంది.

ఇంజిన్ నడుస్తుండగా చేసే పరీక్షలన్నీ ఆరుబయటే చేయాలి. తలుపు వేసిన షెడ్డులో ఐదు నిమిషాలు కూడా వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాల కింద రాయి పెట్టండి. చున్నీ, పొడవు చేతుల చొక్కా, మెడలో గొలుసు బెల్టు దగ్గరకు రాకూడదు. ఇంజిన్ ఆపేసినా రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరగొచ్చని గుర్తుంచుకోండి.

ఏం దగ్గర పెట్టుకోవాలి

బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ దాచుకున్న లోపాల వివరాలు చదివేది), దానికి ఫోన్‌లో ఒక యాప్. ఒక మల్టీమీటర్. కాయిల్ బోల్టుకు సాధారణంగా 10 మి.మీ సాకెట్, ప్లగ్గుకు 16 మి.మీ లేదా 14 మి.మీ ప్లగ్ సాకెట్, పొడవాటి ఎక్స్‌టెన్షన్. ప్లగ్గు గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్, టార్చి, నీళ్ల స్ప్రే బాటిల్, ఒక నోట్‌బుక్. ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం. ఓబీడీ సాకెట్ స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర ఉంటుంది. దానికి 16 పిన్నులు ఉంటాయి.

మొదటి మెట్టు: అది నిజంగా మిస్సింగేనా?

3 సిలిండర్ల ఇంజిన్ ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే నడుస్తున్నప్పుడు) కొంత అదరడం దాని పుట్టుక గుణం. దాన్ని రోగం అనుకోవద్దు. సైలెన్సర్ గొట్టం చివర ఒక పేపరు ముక్క వేలాడదీసినట్టు పట్టుకోండి. పొగ ఒకే లయలో తోస్తుంటే పేపరు సమంగా కొట్టుకుంటుంది. మధ్యమధ్య లయ తప్పి, ఒక్కోసారి పేపరు గొట్టం వైపు లాగినట్టయితే అది మిస్సింగ్. పేపరు సమంగా ఉండి, ఆర్‌పీఎం ముల్లు కదలకుండా ఉండి, సీట్లు మాత్రమే అదురుతుంటే ఇంజిన్ మౌంటింగ్‌లను (ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలను) అనుమానించాలి. ఏసీ వేసినప్పుడు, క్లచ్ వదిలి బండి కదిలించినప్పుడు ఆ అదురు పెరిగితే అనుమానం ఇంకా బలపడుతుంది. మౌంటింగ్ రబ్బరు చిట్లిన బండికి నాలుగు కొత్త ప్లగ్గులు వేసి పంపడం షెడ్లలో మామూలే.

రెండో మెట్టు: ఎప్పుడొస్తుందో రాసుకోవడం

కనీసం మూడు నాలుగు సార్లు వచ్చేదాకా రాయండి. ఇంజిన్ చల్లగా ఉందా, వేడెక్కిందా? నిలబడి ఉన్నప్పుడా, గుట్ట ఎక్కుతున్నప్పుడా? వానా, ఎండా? ఏసీ వేసి ఉందా? ట్యాంకులో పెట్రోలు ఎంత, ఎప్పుడు కొట్టించారు? గుంతలో పడ్డప్పుడా, మలుపులోనా? ఈ జవాబులు దేన్ని చూపిస్తాయో చూద్దాం.

ఐడ్లింగ్‌లో బాగుండి, 4వ లేదా 5వ గేరులో 40-50 కి.మీ. వేగం మీద గట్టిగా తొక్కినప్పుడు కుదుపులొస్తే ముందు ప్లగ్గులు, కాయిల్స్ చూడాలి. తొక్కినకొద్దీ సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. గ్యాప్ పెరిగిన ప్లగ్గు, లోపల చిట్లిన కాయిల్ బలహీనత అక్కడే బయటపడుతుంది. దీనికి భిన్నంగా, పరిగెత్తేటప్పుడు బాగుండి ఐడ్లింగ్‌లో మాత్రమే ఊగితే గాలి లీకు, పర్జ్ వాల్వు (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది), మసి పట్టిన థ్రాటిల్ బాడీ, లేదా కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి) తగ్గిన సిలిండర్.

పొద్దున మాత్రమే వస్తే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ సెన్సర్ లేదా రాత్రంతా కారే ఇంజెక్టర్. కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతూ, స్టార్ట్ చేయగానే తియ్యటి వాసనతో తెల్లపొగ కూడా వస్తే అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కూ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిన లక్షణం. అక్కడితో ఇంటి పరీక్షలు ఆపి, బండి నడపకుండా షెడ్డుకు చేర్చాలి. వేడెక్కాకే వస్తే కాయిల్ లోపలి చుట్లు, పెట్రోలు పంపు, క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుతున్న తీరును కంప్యూటర్‌కు చెప్పేది). క్రాంక్ సెన్సర్‌కు ఒక ఆనవాలు ఉంది. వేడి మీద బండి ఆగిపోయి, సెల్ఫ్ కొడుతున్నా ఆర్‌పీఎం ముల్లు అసలు లేవదు. చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది.

వానలోనో, బండి కడిగాకో వస్తే ప్లగ్గు గుంతల్లో (ప్లగ్గులు కూర్చునే రంధ్రాల్లో) నీళ్లు. రోడ్డు గుంతలో పడ్డప్పుడు వస్తే వైరింగ్ లేదా ఎర్త్ (ఇంజిన్‌ను బ్యాటరీ నెగటివ్‌కు కలిపే వైరు). ట్యాంకు నిండా కొట్టించిన వెంటనే వస్తే పర్జ్ వాల్వు.

మూడో మెట్టు: స్కానర్ పెట్టండి, కోడ్ చెరపకండి

లోపం కనిపెడితే ఇంజిన్ కంప్యూటర్ దానికో నంబరు వేసుకుంటుంది, అదే కోడ్. కోడ్ పడినప్పుడు ఆ క్షణపు వివరాలను కూడా ఫ్రీజ్ ఫ్రేమ్‌గా దాచుకుంటుంది. ఆర్‌పీఎం, బండి వేగం, కూలెంట్ వేడి, ఇంజిన్ మీద లోడు అన్నీ అందులో ఉంటాయి. మీ నోట్‌బుక్‌కు అదే సాక్ష్యం. కోడ్ చెరిపినా, బ్యాటరీ వైరు తీసినా ఆ సాక్ష్యం పోయే ప్రమాదం ఉంది. కాబట్టి ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. లైటు వెలగకపోయినా పెండింగ్ కోడ్‌లు (ఇంకా ఖాయం కాని కోడ్‌లు) చూడండి, అప్పుడప్పుడు వచ్చే లోపాలు ముందు అక్కడే కనిపిస్తాయి.

పి0301 అంటే 1వ సిలిండర్‌లో మిస్‌ఫైర్ (అంటే మిస్సింగే), పి0302 అంటే 2వది, అలా పి0304 వరకు. పి0300 అంటే ఒక్క సిలిండర్‌కు పరిమితం కాకుండా అక్కడా ఇక్కడా. మొదటి రకమైతే ఆ సిలిండర్ కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ వైపు వెళ్లాలి. పి0300 అయితే అన్నిటికీ ఉమ్మడిగా ఉండేవి చూడాలి: గాలి లీకు, పెట్రోలు ఒత్తిడి, కల్తీ పెట్రోలు, వోల్టేజీ. పి0171 అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ.

కోడ్ ఏదీ లేదా? రాత్రంతా నిలిపిన బండికి పొద్దున స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి చూడండి. రెండూ కొన్ని డిగ్రీల తేడాలోనే ఉండాలి. బయట 28 డిగ్రీలుంటే కూలెంట్ 60 చూపిస్తే సెన్సర్ తప్పు చెబుతోంది. మైనస్ 40 చూపిస్తే వైరు తెగిందో, కనెక్టర్ ఊడిందో.

నాలుగో మెట్టు: కళ్లతో చూడడం

ఈ మెట్టును ఎవరూ దాటేయకూడదు. మన ఊళ్లలో ఆరుబయట నిలిపే బళ్లకు ఎలుకలు పెద్ద శత్రువులు. ఇంజెక్టర్ వైర్లు, సెన్సర్ వైర్లు, సన్నటి రబ్బరు గొట్టాలు కొరికేస్తాయి. సగం తెగిన వైరు కదిలినప్పుడల్లా తగిలి విడిపోతూ ఉంటుంది. బానెట్ కింద కొబ్బరి పీచు, గింజల పొట్టు, ఎలుక పెంట కనిపిస్తే ప్రతి వైరూ టార్చితో చూడండి. ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ వరకు ఉన్న రబ్బరు గొట్టాన్ని వంచి ముడతల్లో పగుళ్లు వెతకండి. పైకి బాగున్నట్టే ఉండి, ఇంజిన్ ఊగినప్పుడే తెరుచుకునే పగుళ్లుంటాయి.

తర్వాత ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంచి వైరింగ్ కట్టల్ని, కనెక్టర్లను ఒక్కొక్కటిగా మెల్లగా కదపండి. కాయిల్స్ మాత్రం ఇంజిన్ నడుస్తుండగా ముట్టుకోవద్దు, అక్కడ వేల వోల్టులుంటాయి. ఏ కట్ట కదిపినప్పుడు ఇంజిన్ ఊగిందో లోపం అక్కడే.

ఐదో మెట్టు: కాయిల్ మార్పిడి పరీక్ష

ఒకే సిలిండర్ కోడ్ వచ్చినవారికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు, పైసా ఖర్చు లేదు. పి0302 వచ్చిందనుకుందాం.

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కీ ఆఫ్ చేయండి. ప్లగ్గు గుంతల చుట్టూ దుమ్ము ఊదేయండి, లేకపోతే అది సిలిండర్‌లో పడుతుంది.
2. 2వ కాయిల్‌ను 3వ స్థానంలో, 3వ దాన్ని 2వ స్థానంలో పెట్టండి. కాయిల్‌ను నిటారుగా, కొంచెం తిప్పుతూ లాగండి. కాయిల్ మీద పెన్నుతో నంబరు వేసుకోండి. సిలిండర్ల వరుస సాధారణంగా టైమింగ్ చైన్ వైపు నుంచి మొదలవుతుంది, మాన్యువల్‌లో సరిచూసుకోండి.
3. ఇప్పుడు కోడ్ చెరపండి. మీ నోట్‌బుక్‌లో ఏ పరిస్థితిలో లోపం వచ్చిందో సరిగ్గా ఆ పరిస్థితిలోనే బండి నడపండి.
4. కోడ్ పి0303గా మారితే కాయిలే దోషి. పి0302గానే ఉంటే ఇప్పుడు 2, 3 ప్లగ్గులు మార్చి చూడండి. అప్పుడూ కదలకపోతే మిగిలింది ఇంజెక్టర్, దాని వైరింగ్, కంప్రెషన్.

కాయిల్, ప్లగ్గు రెండూ ఒకేసారి మార్చి చూడొద్దు. కోడ్ కదిలినా ఏది చెడిందో తెలియదు.

కాయిల్ తీసినప్పుడు దాని రబ్బరు గొట్టం లోపల, ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద నిలువుగా సన్నటి నల్లగీత ఉందేమో చూడండి. స్పార్క్ గ్యాప్‌లో దూకకుండా ఆ గీత వెంట పక్కకు కారుతోందని అర్థం. గీత పడ్డ ప్లగ్గుకు కొత్త కాయిల్ వేసినా, గీత పడ్డ రబ్బరులో కొత్త ప్లగ్గు పెట్టినా లోపం మళ్లీ వస్తుంది. రెండూ మార్చాల్సిందే. గుంతలో ఆయిల్ ఉంటే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కారుతోంది. నీళ్లుంటే ముందు గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టాకే ప్లగ్గు విప్పాలి.

ప్లగ్గు కొన లేత గోధుమ లేదా బూడిద రంగులో ఉంటే మంచిది. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువ. పెట్రోలుతో తడిసి ఉంటే స్పార్క్ పడడం లేదు. నూనె జిడ్డుంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి వస్తోంది. గ్యాప్ చాలా బళ్లలో 0.8 నుంచి 1.1 మి.మీ మధ్య ఉంటుంది, మీ బండి అంకె మాన్యువల్‌లో చూడండి. ఇరిడియం ప్లగ్గు సన్నటి కొనను వైర్ బ్రష్‌తో రుద్దకండి, గ్యాప్ సరిచేయాలని వంచకండి.

బిగించేటప్పుడు ముందు ఎక్స్‌టెన్షన్‌ను వేళ్లతోనే తిప్పండి, రాచెట్ వద్దు. వాషర్ ఉన్న కొత్త ప్లగ్గయితే చేత్తో బిగిశాక సగం నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు. వాడిన ప్లగ్గునే మళ్లీ పెడితే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు మాత్రమే. టార్క్ రెంచి ఉంటే 14 మి.మీ మర ఉన్న ప్లగ్గుకు సుమారు 25 న్యూటన్ మీటర్లు, సన్నటి 12 మి.మీ మరకు 15-20. అల్యూమినియం హెడ్‌లో మర పోతే ఆ రిపేరు ఖరీదు చాలా ఎక్కువ.

సీఎన్‌జీ బండి ఉన్నవారికి

మీ దగ్గర రెండు ఇంధనాలున్నాయి, అది పెద్ద సౌకర్యం. లోపం వచ్చినప్పుడే స్విచ్ మార్చి చూడండి. గ్యాస్ మీద మిస్సింగ్, పెట్రోలు మీద బాగుంటే ముందు ప్లగ్గులు మార్చండి, తర్వాతే గ్యాస్ ఫిల్టర్, రెగ్యులేటర్ (గ్యాస్ ఒత్తిడి తగ్గించే భాగం). సీఎన్‌జీని అంటించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, అందుకే అరిగిన ప్లగ్గు పెట్రోలు మీద ఇంకా నెట్టుకొస్తుంటే గ్యాస్ మీద చేతులెత్తేస్తుంది. పెట్రోలు మీదే లోపం ఉంటే పెట్రోలు ఇంజెక్టర్లు, పంపు. రెండిటి మీదా ఒకే సిలిండర్ మిస్సవుతుంటే కాయిల్, ప్లగ్గు, లేదా కంప్రెషన్. గ్యాస్ గొట్టాలు, రెగ్యులేటర్ మాత్రం ఇంట్లో విప్పకండి.

ఆరో మెట్టు: గాలి లీకు, ఫ్యూయల్ ట్రిమ్

స్కానర్‌లో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు అంకెలుంటాయి. మిశ్రమం సరిచేయడానికి కంప్యూటర్ పెట్రోలు ఎంత పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో అవి శాతాల్లో చెబుతాయి. ఇంజిన్ వేడెక్కాక రెండూ కలిపి 5 శాతం అటూ ఇటూ ఉంటే ఫర్వాలేదు. ప్లస్ 10 దాటి నిలబడితే ఎక్కడో గాలి ఎక్కువవుతోంది లేదా పెట్రోలు తక్కువవుతోంది. ఐడ్లింగ్‌లో చూసి, తర్వాత 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి చూడండి. ఐడ్లింగ్‌లో ఎక్కువుండి, రేస్ చేస్తే తగ్గితే గాలి లీకు. రేస్ చేసినా, లోడు మీద నడిపినా ఇంకా పెరిగితే పెట్రోలు చాలడం లేదు: పంపు, ఫిల్టర్, ఇంజెక్టర్లు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మన చిన్న కార్లలో చాలా వాటికి గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉండదు, మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అలాంటి బండిలో లీకు గాలి కూడా ఆ ఒత్తిడి లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకని ట్రిమ్ పెద్దగా పెరగకుండా, ఐడ్లింగ్ ఆర్‌పీఎం మాత్రం పెరగడమో, పైకీ కిందికీ ఊగడమో జరుగుతుంది. ట్రిమ్ బాగుంది కదా అని లీకు లేదనుకోకండి. ఇంకోటి: మిస్‌ఫైర్ అయిన సిలిండర్ నుంచి వాడని ఆక్సిజన్ బయటికి వెళ్తుంది, ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు తక్కువైందనుకుంటుంది. అంటే స్పార్క్ లోపం కూడా పి0171 వేషంలో రావచ్చు.

లీకు వెతకడానికి పెట్రోలో, కార్బురేటర్ క్లీనరో చల్లే పద్ధతి మంటకు దగ్గరి దారి, ఇంట్లో వద్దు. మానిఫోల్డ్ అతుకు మీద, రబ్బరు గొట్టాల చివర్ల మీద నీళ్లు సన్నగా స్ప్రే చేయండి. ఎలక్ట్రికల్ కనెక్టర్లు, కాయిల్స్ మీద పడకుండా చూడండి. నీరు చీలికను ఒక్క క్షణం మూసినా ఐడ్లింగ్ మారుతుంది. ఒక పొడవాటి సన్న పైపు చెవి దగ్గర పెట్టి రెండో కొస గొట్టాల వెంట తిప్పితే బుస్సుమనే చోటు దొరుకుతుంది.

పర్జ్ వాల్వు పరీక్ష చాలా తేలిక, అయినా ఎక్కువమందికి తట్టదు. ట్యాంకులో లేచే పెట్రోలు ఆవిరిని బొగ్గు నింపిన క్యానిస్టర్ పీల్చుకుంటుంది, ఈ వాల్వు దాన్ని కొద్దికొద్దిగా ఇంజిన్‌లోకి వదులుతుంది. చల్లటి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు అది మూసి ఉండాలి. క్యానిస్టర్ వైపు గొట్టం ఊడదీసి వాల్వు మూతి మీద వేలు పెట్టండి. లాగుతుంటే వాల్వు తెరుచుకుని ఇరుక్కుంది. అలా వేలితో మూయగానే ఐడ్లింగ్ కుదుటపడితే ఇక సందేహం లేదు. బంకులో నాజిల్ తనంతట తాను ఆగాక కూడా రౌండ్ ఫిగర్ కోసం నింపించే అలవాటు మానండి. పొంగిన పెట్రోలు క్యానిస్టర్‌లోకి చేరి ఈ జబ్బు తెస్తుంది.

ఏడో మెట్టు: పెట్రోలు

లోపం ఒక బంకులో కొట్టించాక కొన్ని కిలోమీటర్లలోనే మొదలైతే, ముందు నీళ్లు అనుమానించాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొంత నీటిని తనలో కలుపుకుంటుంది. నీరు హద్దు దాటితే ఇథనాల్, నీరు రెండూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పంపు లాగేది అడుగు నుంచే. వానాకాలంలో ఈ ఫిర్యాదు ఎక్కువవడానికి కారణం ఇదే. లోపం తీవ్రంగా ఉంటే బండి నడపకుండా ట్యాంకు ఖాళీ చేయించాలి. నోటితో పైపు పెట్టి లాగే పని చేయవద్దు.

బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష అడిగే హక్కు మీకుంది. నాజిల్ తుడిచి ఒక చుక్క వేస్తే రెండు నిమిషాల్లో నల్లటి మరక మిగలకుండా ఆరిపోవాలి. అయితే ఇది కిరసనాయిలు లాంటి కల్తీని పట్టే పరీక్ష, నీళ్లను కాదు.

ఇంజెక్టర్ మీద అనుమానముంటే ఐడ్లింగ్‌లో ఒక్కొక్క ఇంజెక్టర్ కనెక్టర్ తీసి పెట్టండి. మంచి సిలిండర్‌ది తీస్తే ఇంజిన్ ఇంకా ఊగుతుంది, పనిచేయని దానిది తీస్తే తేడా ఉండదు. దీనికి కాయిల్ కనెక్టర్ తీయకండి. అలా తీస్తే స్పార్క్ ఆగినా పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది, అదంతా కన్వర్టర్‌లోకి పోతుంది.

ఎనిమిదో మెట్టు: వోల్టేజీ, ఎర్త్

రాత్రంతా నిలిపిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తుంటే 13.8-14.5 దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు 9.6 కంటే కిందికి పోకూడదు. తర్వాత మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద, రెండోది ఇంజిన్ మీద శుభ్రమైన లోహం మీద పెట్టండి. ఇంజిన్ నడుస్తూ హెడ్‌లైట్లు, ఏసీ వేసి ఉండగా 0.2 వోల్టులు దాటితే ఎర్త్ వైరు తుప్పు పట్టింది. విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, గట్టిగా బిగించండి. సముద్రతీర ఊళ్లలో ఈ ఒక్క పనితో నయమయ్యే బళ్లు ఎన్నో.

ఇంట్లో తేలకపోతే

ఒకే సిలిండర్‌లో కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టర్ అన్నీ బాగుంటే కంప్రెషన్ చూపించాలి. అన్ని సిలిండర్లలో అంకె దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి మిగతావాటికంటే 15 శాతం పైగా తగ్గితే, అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ కొలవమనండి. అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. షెడ్డులో బండి ఇచ్చేటప్పుడు "మిస్సింగ్ వస్తోంది" అని ఊరుకోకండి. "వేడెక్కాక, 3వ గేరులో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే, పి0302, కాయిల్ మార్చి చూశాం, కోడ్ కదల్లేదు" అని చెప్పి స్క్రీన్‌షాట్ చూపించండి.

రిపేరు అయ్యాక కోడ్ చెరిపి, మొదట లోపం వచ్చిన పరిస్థితినే మళ్లీ కల్పించి నడపాలి. వానలో వచ్చే లోపానికి ఎండలో వంద కిలోమీటర్లు తిరిగితే ఏమీ తేలదు. రెండు మూడు రోజుల తర్వాత పెండింగ్ కోడ్‌లు, ట్రిమ్ అంకెలు ఇంకోసారి చూసి, ఆ తేదీ, కిలోమీటర్ రీడింగ్ అదే నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.